తెల్లగా ఉన్న ప్రతి పామూ శ్వేతనాగు కాదు

మా హాస్టల్లో ఈ మధ్య రెండు తెల్లపాములు తిరుగుతున్నాయి. కంగారు పడకండి, రెండూ ఫోన్లలోనే. మొదటిది అమెరికా రీల్స్‌లో వచ్చేది. తెలుపు, లేత పసుపు పట్టీలతో, ఎర్రటి కళ్ళతో ఎవరో కుర్రాడి చేతికి చుట్టుకుని ఉండే ఆల్బినో కింగ్‌స్నేక్. అది చూసిన మావాళ్ళ ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "బెంగళూరులో ఎంతకి దొరుకుతుంది రా?" రెండోది వాట్సాప్‌లో వచ్చేది. ఏదో ఊళ్ళో పొలం గట్టు మీద తెల్లటి పాము, చుట్టూ నలభై మంది జనం, ఒకరి చేతిలో పాలగిన్నె, ఇంకొకరి చేతిలో పసుపు కుంకుమ. కింద "శ్వేతనాగు ప్రత్యక్షం" అని పెద్ద అక్షరాలు.

చూడ్డానికి వీటికి సంబంధం లేదు. కానీ రెండు చోట్లా జరిగేది ఒకటే అంటాను నేను. పామును వదిలేసి రంగును చూస్తున్నాం. ఒకరు రంగుకి డబ్బు కట్టాలనుకుంటారు, ఇంకొకరు రంగుకి దండం పెడతారు. ఆ రంగు నిజంగా ఏం చెప్తుంది, ఏం చెప్పదు అన్నది తెలిస్తే రెండు పిచ్చులూ కొంచెం తగ్గుతాయి. పైగా శెనక్కాయ చేలో వంగి చెట్టు పీకే చోట, వామిలో చెయ్యి పెట్టి కట్టె లాగే చోట, ఇది సరదా సంగతి కూడా కాదు.

ముందు కింగ్‌స్నేక్ గురించి. ఇది మన పాము కాదు, ఉత్తర అమెరికాది. రీల్స్‌లో ఎక్కువగా కనబడేది కాలిఫోర్నియా కింగ్‌స్నేక్. మీటరు అటూ ఇటూ పొడవు, విషం లేదు, చుట్టి బిగించి చంపి తింటుంది. తినేవాటిలో వేరే పాములు కూడా ఉంటాయి, ర్యాటిల్‌స్నేక్‌తో సహా. ర్యాటిల్‌స్నేక్ విషం దాని మీద పెద్దగా పనిచెయ్యదు. అందుకే 'కింగ్' అన్న బిరుదు. మన రాచనాగుకీ ఆ పేరు ఇలాంటి తిండి వల్లే వచ్చింది, కానీ ఈ రెండూ దగ్గరి చుట్టాలు కావు. అడవిలో కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ రంగు నలుపు లేదా ముదురు గోధుమ, మధ్యలో తెల్లటి పట్టీలు. మన కట్లపాముకి దూరపు బంధువేమో అనిపించేలా ఉంటుంది, అది వేరే విషయం.

ఇప్పుడు రంగు. మనిషి చర్మానికి రంగు వచ్చేది దాదాపుగా మెలనిన్ అనే ఒక్క పదార్థం నుంచి. పాము అలా కాదు. దాని చర్మంలో మూడు రకాల రంగు కణాలు ఉంటాయి. ఒకటి నలుపు, గోధుమ ఇచ్చే మెలనిన్ కణాలు. రెండోది పసుపు, నారింజ, ఎరుపు ఇచ్చేవి. మూడోదానిలో రంగే ఉండదు, చిన్న చిన్న స్ఫటికాలు ఉంటాయి. అవి వెలుతురును తిప్పికొట్టి మెరుపునిస్తాయి. మన భాషలో చెప్పాలంటే మూడు లేయర్ల ఇమేజ్ అన్నమాట. ఆల్బినో పాములో పోయేది నల్ల లేయర్ ఒక్కటే. మిగతా రెండూ అలాగే ఉంటాయి. అందుకే ఆల్బినో కింగ్‌స్నేక్ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండదు. నల్ల పట్టీలు ఉన్నచోట లేత గులాబీ, తెలుపు వస్తాయి, పసుపు ఉన్నచోట పసుపు మిగులుతుంది. కంట్లో మెలనిన్ లేక లోపలి రక్తనాళాలు కనిపించి కన్ను ఎర్రగా ఉంటుంది.

పూర్తిగా తెల్లగా ఉండి కళ్ళు మాత్రం నల్లగానో నీలంగానో ఉంటే అది ఆల్బినో కాదు. దాన్ని ల్యూసిస్టిక్ అంటారు. అక్కడ పోయింది ఒక లేయర్ కాదు, చర్మంలో రంగు కణాలే లేవు. వాట్సాప్‌లో వచ్చే తెల్లపాము వీడియో ఈసారి చూస్తే ముందు కన్ను జూమ్ చెయ్యండి. టీవీలవాళ్ళు రెండింటికీ ఒకటే పేరు పెట్టేస్తారు.

మెలనిన్ తయారీ ఒక పైప్‌లైన్. టైరోసిన్ అనే మామూలు అమైనో ఆమ్లం లోపలికి వెళ్తుంది, వరసగా కొన్ని మెట్లు దాటి చివర నల్ల రంగుగా బయటికి వస్తుంది. మొదటి ముఖ్యమైన మెట్టు దగ్గర టైరోసినేజ్ అనే ఎంజైమ్ పనిచేస్తుంది. అది పాడైతే ఒక రకం ఆల్బినో. అది బాగానే ఉండి ఇంకో మెట్టు పాడైతే కొంచెం ఊదా ఛాయ మిగిలే ఇంకో రకం ఆల్బినో. పెంపకందార్లు మొదటిదాన్ని టీ-నెగెటివ్, రెండోదాన్ని టీ-పాజిటివ్ అంటారు. కింగ్‌స్నేక్‌లలో 'లావెండర్' అని పిలిచేవి ఆ ఊదా ఛాయవి. అంటే 'ఆల్బినో' అనేది ఒక జబ్బు పేరు కాదు, ఒక ఎర్రర్ మెసేజ్. అదే మెసేజ్ వేర్వేరు లైన్లలోని వేర్వేరు బగ్గుల వల్ల రావచ్చు.

నాకు బాగా నచ్చిన భాగం ఇదే. ప్రతి జన్యువుకీ పాములో రెండు కాపీలు ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక్కటి పనిచేసినా మెలనిన్ వస్తుంది. అంటే ఇది ఆర్ గేట్. రెండు ఇన్‌పుట్లూ 0 అయితేనే అవుట్‌పుట్ 0. ఇంటర్‌లో 'రెసెసివ్' అని బట్టీపట్టిన మాటకి అర్థం ఇంతే. నాకు ఇది ఫస్టియర్ డిజిటల్ లాజిక్ చదివాకే బుర్రకెక్కింది, జువాలజీ వాళ్ళు క్షమించాలి. ఒక కాపీ పాడైన పాము చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. దాన్ని పెంపకందార్లు 'హెట్' అంటారు. రెండు హెట్ పాములు కలిస్తే ఒక్కో గుడ్డు ఆల్బినో అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. ఎనిమిది గుడ్లు పెడితే ఒక్కటి కూడా ఆల్బినో కాకపోయే అవకాశం 0.75 పవర్ 8, అంటే సుమారు 10 శాతం. మామూలు రంగులో పుట్టిన పిల్లల్లో మూడింట రెండు వంతులు హెట్‌లు. పాముల సంతల్లో '66 శాతం హెట్' అని రాసి అమ్మేది దాన్నే. కండిషనల్ ప్రాబబిలిటీకి ధర చీటీ అంటించి అమ్మడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇంకో విచిత్రం. పైప్‌లైన్‌లో వేర్వేరు మెట్ల దగ్గర పాడైన రెండు ఆల్బినో పాముల్ని జత కలిపితే పిల్లలన్నీ మామూలు రంగులో పుడతాయి! తల్లి దగ్గర మొదటి మెట్టు పాడైంది, కానీ తండ్రి నుంచి దానికి మంచి కాపీ వచ్చింది. తండ్రి దగ్గర పాడైన మెట్టుకి తల్లి నుంచి మంచి కాపీ వచ్చింది. రెండు తెల్లపాములకి నల్లపిల్లలు. రంగు చూసి 'ఇవి రెండూ ఒకే జాతి రకం' అనుకునేవాడికి ఇంతకన్నా మంచి సమాధానం ఉండదు.

కింగ్‌స్నేక్‌కి దగ్గరి బంధువు కార్న్‌స్నేక్ ఉంది. దానిలో నలుపు పోవడానికి కారణం 2015లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్ళు పట్టుకున్నారు. ఓసీఏ2 అనే జన్యువు మధ్యలో ఎక్కడిదో ఒక డీఎన్‌ఏ ముక్క వచ్చి దూరింది. జీనోమ్‌లో తనంతట తాను కాపీ-పేస్ట్ అయ్యే ముక్కలు ఉంటాయి, వాటిలో ఒకటి. స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచి తెచ్చి చూడకుండా అతికిస్తే ప్రాజెక్టు ఏమవుతుందో మనకి తెలిసిందే. పాముకి నలుపు పోయింది. అంతే. దాని వెనక పూర్వజన్మ పుణ్యమూ లేదు, శాపమూ లేదు.

రంగును చూసి మోసపోవడం మనకి మాత్రమే ఉన్న అలవాటు కాదు. కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌లో అడ్డపట్టీలవి, వెన్ను మీద నిలువు చార ఉన్నవి రెండూ ఉంటాయి. చాలాకాలం శాస్త్రవేత్తలే వాటిని రెండు వేర్వేరు జాతులుగా రాసుకున్నారు. 1930లలో శాన్ డియేగోలో లారెన్స్ క్లాబర్ అనే ఆయన ఒకే తల్లి పెట్టిన గుడ్లలోంచి రెండు రకాల పిల్లలూ వస్తున్నాయని చూపించి ఆ గొడవ తీర్చాడు. ఈయన వృత్తి ఏంటో తెలుసా? ఎలక్ట్రికల్ ఇంజనీరు. శాన్ డియేగో గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసి దానికి అధ్యక్షుడు కూడా అయ్యాడు. పాముల మీద ప్రేమతో చదువుకున్నాడు, తర్వాత ర్యాటిల్‌స్నేక్‌ల మీద రెండు సంపుటాల పుస్తకం రాశాడు. ఈఈఈ బ్రాంచి మిత్రులు గర్వంగా చెప్పుకోవచ్చు.

మరి మావాళ్ళ ప్రశ్న సంగతి? పెంచుకోవచ్చా? పాముల్ని పెంచుకోవడమే పాపం అని నేను అనను. శ్రద్ధగా పెంచేవాళ్ళు ఉంటారు. కానీ అనంతపురంలో హాస్టల్ రూములో వద్దు. ఈ పాము పెంపకంలో ఇరవై ఏళ్ళ దాకా బతుకుతుంది, మన బీటెక్ నాలుగేళ్ళు, బ్యాక్‌లాగులు కలిపినా ఆరు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ నలభై డిగ్రీలు దాటుతుంది, కరెంటు పోతుంది, పైఅంతస్తు గదిలో మనమే తడి తువ్వాలు కప్పుకుని పడుకుంటాం. గాజుపెట్టెలో ఉన్న పాము ఎక్కడికి పోతుంది? ఆల్బినోకి కళ్ళు వెలుతురు తట్టుకోవడం ఇంకా కష్టం. ఇక కొనే దారి. విదేశీ జంతువుని తేవడానికి అనుమతులు, కాగితాలు కావాలి. అవి లేకుండా బ్యాగుల్లో కుక్కి తెచ్చిన పాముల్ని చెన్నై, బెంగళూరు విమానాశ్రయాల్లో పట్టుకున్న వార్తలు మీరూ చదివే ఉంటారు. ఇక మన పాముల్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే. అది తెల్లగా ఉన్నా సరే.

"తప్పించుకుంటే మాత్రం ఏమవుతుంది, తెల్లగా ఉన్నదాన్ని గద్దలు ఎత్తుకుపోతాయి" అన్నాడు ఒక మిత్రుడు. అట్లాంటిక్ సముద్రంలో స్పెయిన్‌కి చెందిన గ్రాన్ కనారియా ద్వీపం ఉంది. ఎవరో పెంచుకున్న కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌లు అక్కడ బయటపడ్డాయి, 1998 నుంచి అడవిలో కనిపిస్తున్నాయి. వాటిలో ఆల్బినోలూ ఉన్నాయి. అవి ఎంచక్కా బతికాయి, పిల్లల్ని పెట్టాయి. సహజంగా ఆ ద్వీపంలో తప్ప ఇంకెక్కడా లేని పెద్ద బల్లి ఒకటి ఉండేది, పాములంటే భయమే తెలియని బల్లి. పాములు చేరిన చోట్ల ఆ బల్లుల సంఖ్య 90 శాతానికి పైగా పడిపోయిందని 2021లో లెక్క తేల్చారు. రీల్‌లో ముద్దుగా కనబడే ఆ గులాబీ పామే.

ఇప్పుడు మన ఊరి తెల్లపాము దగ్గరికి వస్తాను. నాకు అసలు భయం ఇక్కడ.

తెలుగువాళ్ళు పాముల్ని పోల్చుకునేది ఎక్కువగా రంగుతో, మచ్చలతో. 18వ శతాబ్దం చివర్లో ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నంలో ఉండి మన పాముల మీద పని చేశాడు. 1796లో ఆయన అచ్చువేయించిన పుస్తకంలో చాలా పాములకి తెలుగు పేర్లే ఉన్నాయి. ఇప్పుడు ఆయన పేరుతోనే ఇంగ్లీషులో పిలిచే రక్తపింజరిని ఆయన 'కాటుక రేకుల పొడ' అని రాసుకున్నాడు. కాటుక అంచు ఉన్న రేకుల్లాంటి మచ్చలు. ఆ పేరు పెట్టిన మనిషి ఎవరో కానీ ఆ పామును ఎంత బాగా చూశాడు! పసుపు నలుపు పట్టీల పామును 'బంగారు పాము' అన్నారు. కట్లపాముల శాస్త్రీయ నామం 'బంగారస్' ఆ తెలుగు మాటలోంచి వచ్చిందే. ఇంగ్లీషు మీడియంలో చదివి, పాముల లాటిన్ పేర్లు వెతుకుతూ పోయి, అక్కడ తెలుగు మాట దొరికినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇక్కడ రాయలేను.

చిక్కు ఏంటంటే, ఆల్బినిజం సరిగ్గా ఆ గుర్తునే చెరిపేస్తుంది. ఆల్బినో రక్తపింజరికి కాటుక ఉండదు. ఆల్బినో కట్లపాముకి నలుపు మీద తెల్లకట్లు ఉండవు, తెలుపు మీద తెలుపు. చేలో యాభై ఏళ్ళు పనిచేసిన మా అవ్వ కూడా దాన్ని చూసి ఏ పామో చెప్పలేదు. మిగిలే గుర్తులు ఆకారంలో ఉంటాయి. త్రాచుకి పడగ, పింజరికి పొట్టి లావు ఒళ్ళు, మూడు మూలల తల, గరుకు పొలుసులు, కట్లపాముకి వెన్ను మధ్యలో పెద్దవిగా ఉండే ఆరుమూలల పొలుసుల వరుస. వీటిలో దూరం నుంచి తేలిగ్గా కనిపించేది పడగ ఒక్కటే, అది కూడా పాము ఎత్తితేనే. మిగతావి లెక్కపెట్టేంత దగ్గరికి వెళ్తే లెక్కపెట్టే పని ఇంకెప్పుడూ ఉండదు.

విషం మాత్రం ఎక్కడికీ పోదు. విషం తయారుచేసే జన్యువులు వేరు, రంగు జన్యువులు వేరు. రంగు ఫంక్షన్ క్రాష్ అయితే విషం ఫంక్షన్ ఆగదు. కానీ మన జనం తెల్లపాము కనిపించగానే దగ్గరికి వెళ్తారు. మామూలు త్రాచు కనిపిస్తే పది అడుగులు వెనక్కి వేసేవాళ్ళే, తెల్లది కాబట్టి దేవుడు, దేవుడు కరవడు అని పసుపు చల్లుతారు. చంటిపిల్లల్ని ఎత్తుకుని చూపిస్తారు. దాని సంగతి కూడా ఆలోచించండి. మెలనిన్ లేని కంటికి మన ఎండ, చుట్టూ జనం, ముక్కులోకి పోయే కుంకుమ, అది తాగని పాలు.

2020లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్ళు సుమారు 12 లక్షలు. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువమంది పల్లెలవాళ్ళు, సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపు. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కూడా గ్యారంటీ లేని మన జిల్లాలో శెనక్కాయ విత్తేదీ, కలుపు తీసేదీ ఆ నెలల్లోనే. వాటిలో తెల్లపాము కాట్లు ఎన్ని అని అడిగితే దాదాపు ఉండవు, అవి అంత అరుదు. నా బాధ లెక్క గురించి కాదు, అలవాటు గురించి. రంగును బట్టి పాముకి దగ్గరవ్వచ్చు అని ఒకసారి నేర్చుకున్న పిల్లవాడు రేపు ఇంకో లేతరంగు పాము దగ్గరికీ వెళ్తాడు. మన త్రాచుల్లోనే గోధుమవన్నెవి, నల్లవి, పసుపు కలిసినవి ఉన్నాయి. అన్నీ ఒకటే జాతి, ఒకటే విషం.

ఇదంతా చదివి "వీడు నాస్తికుడు, మన నాగదేవతని అంటున్నాడు" అనుకోకండి. మా ఇంట్లో శ్రావణంలో నాగులచవితి చేస్తాం, చిమ్మిలి ఉండలు నాకు ఇష్టం కూడా. ఒక్కసారి గుర్తుచేసుకోండి: మన ఊళ్ళల్లో రావిచెట్టు, వేపచెట్టు కింద పెట్టే నాగప్రతిష్ఠ రాళ్ళు ఏ రంగువి? నల్లరాళ్ళు. మన జిల్లా పక్కనే, దాదాపు చుట్టూ ఆంధ్ర ఉండి మధ్యలో కర్ణాటకగా మిగిలిన పావగడ తాలూకాలో నాగలమడక సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది. మన వైపు నుంచి ఎంతోమంది పోతారు. అక్కడికి పోయేవాళ్ళెవరూ స్వామి తెల్లగా ఉన్నాడా అని అడగరు. మన భక్తికి తెలుపు అవసరం ఎప్పుడూ లేదు. ఈ శ్వేతనాగు మోజులో సినిమాల వాటా పెద్దదని నా అభిప్రాయం. 2004లో సౌందర్య నటించిన సినిమా పేరే 'శ్వేతనాగు'.

ఇంకో మాట అనకుండా ఉండలేను. కార్న్‌స్నేక్‌లో పాడైన ఆ ఓసీఏ2 జన్యువు మనుషుల్లోనూ ఉంది. ఆ పేరే మనుషుల్లో వచ్చే ఆల్బినిజం రెండో రకం నుంచి పెట్టింది. టైరోసినేజ్ పాడైతే వచ్చేది మొదటి రకం. అంటే అదే బగ్. ఆ బగ్ పాముకి వస్తే పాలు, హారతి. మనిషికి వస్తే స్కూల్లో ఏ పేర్లతో పిలుస్తారో మీకు తెలుసు, పెళ్ళి సంబంధాల దగ్గర ఏం మాట్లాడతారో కూడా తెలుసు. కంటిలో మెలనిన్ లేకపోవడం వల్ల వాళ్ళకి చూపు మందం, ఈ ఎండకి చర్మం కాలిపోతుంది. వాళ్ళకి కావలసింది ముందు బెంచీ, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, టోపీ, సన్‌స్క్రీన్. ఇవేవీ అద్భుతాలు కావు, పాలగిన్నె కన్నా పెద్ద ఖర్చూ కాదు.

ఇది సాహిత్య క్లబ్ పత్రిక కాబట్టి చివరగా మాట గురించి. వార్తల్లో ఆల్బినో పాముని 'బొల్లి పాము' అని రాస్తున్నారు. బొల్లి అంటే ఉన్న రంగు కణాలు తర్వాత మచ్చలుగా పోవడం, ఇది పుట్టుకతో వచ్చేది, రెండూ వేరు. 'వర్ణహీన సర్పం' అన్నా తప్పే, పసుపు ఉంటుంది కదా. శాస్త్రవేత్తలు పాముల విషయంలో ఆల్బినో కన్నా 'అమెలనిస్టిక్' అనడం మేలంటారు, అంటే నలుపు లేనిది. మనకి కలిమిలేములు అనే మాట ఉంది. అందులోంచి 'నలుపులేమి' అనుకుందాం. నలుపులేమి త్రాచు, నలుపులేమి పింజరి, నలుపులేమి కింగ్‌స్నేక్. కాటుక రేకుల పొడ అన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. పైగా ఈ పేరులో ఒక సౌకర్యం ఉంది. 'శ్వేతనాగు' అంటే జనం పాలగిన్నెతో పరిగెత్తుతారు. 'నలుపులేమి త్రాచు' అని స్క్రోలింగ్ వస్తే, ఆ చివరి మాట చదివి ఎవరైనా పిల్లల్ని వెనక్కి లాగి అటవీశాఖకి ఫోన్ చేస్తారు.